ఒక్క అడుగు రోడ్డూ వద్దు: వాషింగ్టన్ స్క్వేర్ పార్కు కేస్ స్టడీ

న్యూయార్క్ నగరంలో మాన్‌హాటన్ దిగువ భాగాన, గ్రీనిచ్ విలేజ్ అనే పాత పేటలో, ఫిఫ్త్ అవెన్యూ దక్షిణపు కొసన వాషింగ్టన్ స్క్వేర్ పార్కు ఉంది. దాని విస్తీర్ణం 9.75 ఎకరాలు. ఉత్తరపు అంచున 77 అడుగుల ఎత్తున్న పాలరాతి కమాను, నడుమ పెద్ద ఫౌంటెన్, నైరుతి మూలన చదరంగం బల్లలు, చెట్ల నీడన బెంచీలు ఉంటాయి. ఇవాళ కమాను కింద నిలబడి ఫౌంటెన్ వైపు చూస్తే నడిచేవారు, ఆడుకునే పిల్లలు, పాడేవారు కనిపిస్తారు. 1958 శరత్కాలం వరకు మాత్రం ఆ కమాను దాటి కార్లు పార్కు మధ్యగా సాగిపోయేవి, ఆ రోజుల్లో, ఆపైన కొన్నేళ్లు కూడా, ఫిఫ్త్ అవెన్యూ బస్సులు పార్కు లోపలే మలుపు తిరిగేవి. ఆ దారిని ఇంకా పెద్దది చేయాలని నగర యంత్రాంగం పూనుకుంటే, అక్కడి నివాసులు 1952 నుంచి 1959 వరకు ఎదురునిలిచి, కొత్త రోడ్డును ఆపడమే కాక ఉన్న దారిని కూడా మూయించారు.

నగర రూపకల్పన వృత్తిలో ఉన్నవారికి ఈ ఉదంతం కొత్తది కాదు. అయితే మా తరగతి గదుల్లోనూ సమావేశాల్లోనూ దీన్ని తరచుగా ఇద్దరు వ్యక్తుల పోరుగా, అంటే ఒక పక్క నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్, ఇంకో పక్క రచయిత్రి జేన్ జేకబ్స్ నిలిచిన కథగా చెప్పి ముగిస్తారు. ఆ కథనంలో నిజం ఉన్నా, పనికొచ్చే భాగం జారిపోతుందని నా అభిప్రాయం. నేను ఈ కేసును చదివిన ప్రతిసారీ నా చూపు ఒకే చోట ఆగుతుంది: ప్రజలు తమ కోరికను ఏ మాటల్లో పెట్టారు, ఆ మాటలు ఏడేళ్లలో ఎలా పదునెక్కాయి, అధికారులు రోడ్డు వెడల్పు మీద బేరానికి దిగినప్పుడు ఆ బేరంలోకి వారు ఎందుకు వెళ్లలేదు. ఈ రచన ప్రధానంగా ఆ విషయం గురించే.

స్థలం, దాని హక్కులు

ఈ నేల మొదటి నుంచీ పార్కు కాదు. 17వ శతాబ్దంలో డచ్చివారి పాలన కింద, బానిసత్వం నుంచి కొంతమేరకు విడుదలైన ఆఫ్రికన్లకు ఈ ప్రాంతంలో సాగు భూములు ఇచ్చారు. 1797లో నగర పాలక మండలి ఈ స్థలాన్ని దిక్కులేనివారి శవాలను పూడ్చేందుకు కొన్నది. 1825లో శ్మశానాన్ని మూసేనాటికి సుమారు 20,000 మందిని ఇక్కడ పూడ్చి ఉంటారని అంచనా, వారి అవశేషాలు చాలావరకు ఇప్పటికీ ఆ పచ్చిక కిందే ఉన్నాయి. మరుసటి ఏడాది ఇది సైనిక కవాతు మైదానమైంది. 1830లలో ఉత్తరం వైపు సంపన్నుల ఇళ్ల వరుస వెలిసింది, తూర్పు వైపు న్యూయార్క్ విశ్వవిద్యాలయం వచ్చింది. 1870 తరువాత నగర పార్కుల శాఖ దీన్ని వంకర నడకదారులతో తిరిగి తీర్చిదిద్దినప్పుడు, ఫిఫ్త్ అవెన్యూ నుంచి గుర్రపు బండ్లు వెళ్లేందుకు పార్కు గుండా ఒక దారి వేసింది. తరువాతి తగాదాకు మూలం ఆ బండి దారే.

1878 నాటి విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. సైనిక దళానికి ఈ స్థలంలో ఆయుధాగారం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నివాసులు వ్యతిరేకించారు, ఆ వ్యతిరేకత ఫలితంగా ఈ స్థలం ఎప్పటికీ ప్రజల ఉపయోగానికి పార్కుగానే ఉండాలని రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అంటే 1950ల నాటి పోరాటం మొదలయ్యేసరికి ఈ పార్కుకు చట్టపు రక్షణ అప్పటికే ఉంది. అయినా ఆ చట్టం ఒక్కటే రోడ్డును ఆపలేకపోయింది, ఎందుకంటే అందులో భవనం గురించిన భయం ఉందే తప్ప వాహనాల గురించిన భయం లేదు, పైగా బండి దారి అప్పటికే పార్కులో అంతర్భాగంగా లెక్కకు వచ్చేది. రక్షణ పత్రం చేతిలో ఉన్నదన్న ధీమాతో కూర్చునే పౌర బృందాలు ఈ తేడాను గమనించాలి. ఏ ముప్పును తలచుకుని చట్టం రాశారో ఆ ముప్పు నుంచే అది గట్టిగా కాపాడుతుంది, తరువాతి తరం ముప్పు వేరే రూపంలో వస్తుంది.

జార్జి వాషింగ్టన్ అధ్యక్ష పదవి స్వీకరించి నూరేళ్లయిన సందర్భంగా 1889లో తాత్కాలికంగా నిలిపిన కమాను జనానికి నచ్చడంతో, వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్ రూపకల్పనలో పాలరాతి కమాను 1892 నాటికి పూర్తయింది. ఆనాటి నుంచి ఫిఫ్త్ అవెన్యూకు ఆ కమాను ముగింపు ద్వారమైంది. ఒక పెద్ద వీధి ఇలా ఒక ద్వారం వద్ద ఆగి, దాని అవతల జనం కాళ్లకింద నేల మొదలవడం కంటికి ఎంతో తృప్తినిస్తుంది. ట్రాఫిక్ ఇంజనీరు కంటికి మాత్రం అదే వీధి అర్ధాంతరంగా తెగిపోయినట్టు కనిపిస్తుంది.

రోడ్డు ఎందుకు కావలసి వచ్చింది

రాబర్ట్ మోజెస్ 1934లో నగర పార్కుల కమిషనర్ అయ్యాడు. ఆ తరువాతి ఇరవై ఏళ్లలో వంతెనల సంస్థ, నగర నిర్మాణ పనుల సమన్వయం, మురికివాడల తొలగింపు కమిటీ కూడా అతని చేతికి వచ్చాయి. పార్కును కాపాడవలసిన పదవీ, రోడ్డు వేయించే పదవీ, పార్కు పక్కన పాత ఇళ్లు కూల్చి కొత్తవి కట్టించే పదవీ ఒకే మనిషి దగ్గర ఉండడం ఈ కేసులో కీలకమైన పరిస్థితి. పార్కు తరఫున పార్కుల శాఖలో మాట్లాడేవారు లేకపోయారు. ఆ బాధ్యత మొత్తం నివాసుల మీద పడింది.

1930లలోనే మోజెస్ ఈ పార్కు మూలలను గుండ్రంగా కోసి చుట్టూ వాహనాలు వేగంగా తిరిగేలా చేయాలని చూశాడు. ఆ నక్షా స్నానాల గదిలో పరిచే చాపలా ఉందని గ్రీనిచ్ విలేజ్ జనం దానికి బాత్‌మ్యాట్ పథకమని పేరు పెట్టి ఎదిరించారు, అది సాగలేదు. 1952లో మరింత పెద్ద ఆలోచనతో తిరిగి వచ్చాడు. ఫిఫ్త్ అవెన్యూను కమానుకు ఇరుపక్కలా చీల్చి, పార్కు గుండా దక్షిణానికి పొడిగించాలన్నది ఆ ఆలోచన.

దీని వెనుక రెండు బలమైన ఒత్తిళ్లున్నాయి. 1949 నాటి సమాఖ్య గృహనిర్మాణ చట్టంలోని టైటిల్ వన్ కింద పార్కుకు దక్షిణాన ఎన్నో వీధుల ఇళ్లు, చిన్న కార్ఖానాలు తొలగించి కొత్త అపార్ట్‌మెంట్లు కట్టించే ప్రణాళిక అప్పటికే నడుస్తోంది, ఆ స్థలం తీసుకునే నిర్మాణదారులకు ఫిఫ్త్ అవెన్యూ పేరుతో చిరునామా దొరుకుతుందని మోజెస్ ఆశ చూపాడు. ఇంకా దక్షిణాన, మాన్‌హాటన్ దీవిని అడ్డంగా కోస్తూ లోయర్ మాన్‌హాటన్ ఎక్స్‌ప్రెస్‌వే వేయాలన్న యోచన ఉంది, పార్కు గుండా వెళ్లే దారి దానికి వాహనాలను చేరవేసే కాలువ అయ్యేది. ఈ రెండూ తెలియకపోతే పార్కు రోడ్డు ఒక చిన్న స్థానిక సౌకర్యంలా కనిపిస్తుంది, అధికారుల వివరణలోనూ అది ట్రాఫిక్ ఒత్తిడి తగ్గించే ఏర్పాటుగానే ఉండేది. రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో, దాని కొసన ఎవరి భూమి ఉందో తెలుసుకోవడం ఇలాంటి కేసుల్లో నేను చేసే మొదటి పని. నక్షాలో పార్కు వరకే చూపించిన గీత అసలు ఎక్కడ ఆగుతుందో వెతికితే వాదన స్వరూపమే మారిపోతుంది.

షర్లీ హేస్ పెట్టిన మాట

ఈ పథకాన్ని మొదట పట్టించుకున్నది షర్లీ హేస్. ఆమె నలుగురు కొడుకుల తల్లి, ఆ పార్కులో పిల్లలను ఆడించే ఎంతోమంది తల్లుల్లో ఒకరు. ఈడిత్ లయన్స్ తదితరులతో కలిసి ఆమె 1952లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కు కమిటీని ఏర్పాటు చేశారు. సంతకాలు సేకరించారు, ఉత్తరాలు రాశారు, కరపత్రాలు పంచారు, నగర అధికారుల దగ్గరికి వెళ్లారు. ఆ తొలి ఒత్తిడికి 1952 పథకం అప్పటికి వాయిదా పడింది.

ఇంతవరకు ఇది ఎన్నో పట్టణాల్లో జరిగే కథే. హేస్ చేసిన అసలైన పని ఆ తరువాతిది. పెద్ద రోడ్డును వద్దని ఊరుకోకుండా, ఉన్న దారి కూడా వద్దని ఆమె కోరడం మొదలుపెట్టారు. పార్కులో వాహనాల కింద పోయిన 1.75 ఎకరాలను తిరిగి పార్కులో కలపాలని, అగ్నిమాపక వాహనాల వంటి అత్యవసర రాకపోకలకు మాత్రం కొంత గట్టి నేల ఉంచి మిగతా వాహనాలన్నిటికీ ప్రవేశం మూయాలని ఆమె ప్రతిపాదించారు.

ఆ రోజుల్లో ఇది అతిగా అనిపించింది. స్థానికుల్లోనే చాలామంది, వాస్తవంగా ఆలోచించేవారమని తమను అనుకునేవారు, ఉన్న దారిని ఉన్నట్టే ఉంచితే చాలని, కొత్త రోడ్డు తప్పదనుకుంటే చిన్నదిగా వేయించుకోవాలని భావించారు. బేరసారాల తర్కం ప్రకారం వారు చెప్పినది సబబే. కానీ ఈ రెండు కోరికలకూ మధ్య ఉన్న తేడా పరిమాణానికి సంబంధించినది కాదు. రోడ్డు చిన్నదిగా ఉండాలని అడిగినవారు రోడ్డు ఉండాలన్న మాటను ముందే ఒప్పుకున్నవారవుతారు, అక్కడి నుంచి చర్చ అంతా ఎన్ని అడుగులన్నదాని చుట్టూ తిరుగుతుంది, అడుగుల లెక్కలో ఇంజనీరుదే పైచేయి. వాహనాలు పార్కులో ఉండకూడదని అడిగితే చర్చ పార్కు దేనికోసమన్న ప్రశ్న మీదికి వస్తుంది, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏ తల్లికీ ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు.

48 అడుగులు, 36 అడుగులు

1955లో మోజెస్ మరో రూపంలో ప్రతిపాదన తెచ్చాడు. ఈసారి రోడ్డు 48 అడుగుల వెడల్పుతో పార్కు మధ్యలో నేల మట్టానికి దిగువన పోతుంది, నడిచేవారు పైనున్న వంతెన మీదుగా దాటవచ్చు. కాగితం మీద ఇది రాజీలా కనిపిస్తుంది. క్షేత్రంలో మాత్రం అది పార్కును రెండు ముక్కలుగా కోసే కందకమే. హడ్సన్ వీధిలో నివసిస్తూ ఆర్కిటెక్చరల్ ఫోరం పత్రికలో పనిచేస్తున్న జేన్ జేకబ్స్ ఈ దశలోనే, 1955 జూన్‌లో, మేయర్ రాబర్ట్ వాగ్నర్‌కూ మాన్‌హాటన్ బరో (నగరంలోని ఐదు పాలనా విభాగాల్లో ఒకటి) అధ్యక్షుడు హ్యూలన్ జాక్‌కూ ఉత్తరాలు రాసి ఈ ఉద్యమంలోకి వచ్చారు.

రెండేళ్ల తరువాత హ్యూలన్ జాక్ స్వయంగా 36 అడుగుల రోడ్డును ప్రతిపాదించాడు. మోజెస్ దాన్ని మరీ ఇరుకని కొట్టిపారేశాడు. ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. పౌర ఉద్యమాలు చాలావరకు ఓడిపోయేది ఇక్కడే. ఇద్దరు అధికారులు తమలో తాము అడుగుల లెక్క మీద తగవులాడుకుంటున్నప్పుడు, తక్కువ చెప్పినవాడు మన మిత్రుడని అనిపిస్తుంది. అతన్ని బలపరచకపోతే ఎక్కువ చెప్పినవాడు గెలుస్తాడన్న భయం పట్టుకుంటుంది. 12 అడుగులు తగ్గించగలిగామన్న ఊరట కూడా చిన్నదేమీ కాదు, ఏళ్ల తరబడి తిరిగి అలసిపోయినవారికి అది గెలుపులాగే అనిపిస్తుంది. పైగా జాక్ మామూలు సలహాదారు కాదు, తుది నిర్ణయం తీసుకునే బోర్డులో అతనికి ఓటు ఉంది. అతన్ని కాదనడం అంటే చేతికందిన ఓటును వదులుకోవడమే.

విలేజ్ నివాసులు ఆ 36 అడుగులనూ కాదన్నారు. హేస్ ఐదేళ్లుగా ఒకే మాట చెబుతూ వచ్చినందువల్లే ఇది సాధ్యమైందని నా నమ్మకం. రోడ్డు అసలే ఉండని పార్కును జనం అప్పటికే మనసులో చూసి ఉన్నారు, అందుచేత 36 అడుగుల రోడ్డు వారికి తగ్గింపుగా కాక నష్టంగా కనిపించింది.

తాత్కాలికంగా మూసి చూడండి

1958లో పోరాటం కొత్త రూపం తీసుకుంది. వాషింగ్టన్ స్క్వేర్‌ను ట్రాఫిక్‌కు మూయించేందుకు సంయుక్త అత్యవసర కమిటీ ఒకటి ఏర్పడింది, రేమండ్ రూబినో దానికి అధ్యక్షుడు. జేకబ్స్ అందులో చురుకుగా పనిచేశారు. చట్టపు విషయాలు చూసుకోవడానికి నార్మన్ రెడ్లిక్ ఉన్నాడు. మాజీ అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ 1940లలో ఆ పార్కు పడమటి వైపు ఇంట్లో నివసించినవారు, ఆమె మద్దతు ఇచ్చారు. నగర నిర్మాణ విమర్శకుడు లూయిస్ మమ్‌ఫర్డ్, మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్, రచయిత విలియం వైట్, గృహనిర్మాణ నిపుణుడు చార్ల్స్ అబ్రమ్స్ గొంతు కలిపారు. 1955లో పుట్టిన విలేజ్ వాయిస్ వారపత్రిక ఈ వ్యవహారాన్ని వదలకుండా రాసింది.

ఈ కమిటీ పేరులోనే దాని వ్యూహం ఉంది. పేటలో అప్పటికే రకరకాల సంఘాలున్నాయి, వాటి మధ్య రాజకీయ భేదాలున్నాయి, పార్కు ఎలా ఉండాలన్నదాని మీదా ఏకాభిప్రాయం లేదు. ఆ భేదాలన్నిటినీ పక్కన పెట్టి, ట్రాఫిక్‌ను మూయించడం అనే ఒక్క పనికే కమిటీ కట్టుబడింది. పచ్చిక ఎంత, ఆటస్థలం ఎక్కడ, పాత ఇళ్ల సంగతేమిటి అన్న ప్రశ్నలను అది ఎత్తుకోలేదు. ఉమ్మడి వేదికకు ఇది ఎంత కష్టమైన క్రమశిక్షణో సంఘాలతో పనిచేసినవారికి తెలుస్తుంది. ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు తమ సొంత కోరికను ఆ ఒక్క ఉమ్మడి కోరికకు జత చేయాలని చూస్తారు, జత చేసిన ప్రతిదానితో కొందరు మద్దతుదారులు జారిపోతారు.

కమిటీ అడిగిన విధానం మరింత తెలివైనది. శాశ్వతంగా మూయమని పట్టుబట్టకుండా, ముందు కొంతకాలం ప్రయోగంగా మూసి చూడమని అడిగారు. శాశ్వతంగా మూయాలంటే మూసినా నష్టం లేదని పౌరులు రుజువు చేయాలి, వారి చేతిలో ట్రాఫిక్ లెక్కలూ లేవు, లెక్కించే సిబ్బందీ లేరు. ప్రయోగంగా మూసి చూడమంటే, రుజువు చేసే బాధ్యత వీధులకే వెళ్తుంది. నగర ట్రాఫిక్ కమిషనర్ టి.టి. వైలీ పార్కు దారిని మూస్తే చుట్టుపక్కల వీధులు వాహనాలతో స్తంభించిపోతాయని హెచ్చరించాడు. అంత కచ్చితంగా చెబుతున్నప్పుడు కొన్ని వారాలు మూసి చూపించడానికి అభ్యంతరం ఏముండాలి? ఆ ప్రశ్నకు అధికారుల దగ్గర సరైన జవాబు లేకపోయింది.

ప్రయోగానికి ప్రమాదం లేదని చెప్పను. వీధులు నిజంగా స్తంభించి ఉంటే, హేస్ ఏళ్ల శ్రమ ఒక్క నెలలో కొట్టుకుపోయేది, ఆ తరువాత అదే వాదనతో మళ్లీ నగర పాలకుల ముందు నిలబడే వీలుండేది కాదు. తమ పేటలో వాహనాలు ఎలా తిరుగుతాయో రోజూ చూసే జనం ఆ ప్రమాదాన్ని తెలిసే తీసుకున్నారని అనుకుంటున్నాను.

బోర్డు ముందు

నిర్ణయాధికారం బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్‌ది. మేయర్, కంప్ట్రోలర్ (నగర ఆర్థిక లెక్కలు చూసే అధికారి), నగర మండలి అధ్యక్షుడు, ఐదు బరోల అధ్యక్షులు అందులో సభ్యులు. నగరంలో భూమికీ నిధులకూ సంబంధించిన పెద్ద నిర్ణయాలు అక్కడే జరిగేవి. కనుక మంచి వాదన ఒక్కటే చాలదు, ఆ కొద్దిమందికి రాజకీయ కారణం కూడా కావాలి.

ఆ కారణం కార్మైన్ డిసాపియో రూపంలో వచ్చింది. అతను డెమొక్రటిక్ పార్టీలో ట్యామనీ హాల్ అనే పాత, బలమైన స్థానిక వర్గపు నాయకుడు, న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శి, పైగా విలేజ్ నివాసి. అతని సొంత ప్రాంతంలోనే విలేజ్ ఇండిపెండెంట్ డెమొక్రాట్స్ పేరుతో సంస్కరణవాదులు ఎదురుతిరుగుతున్నారు. పార్కు విషయంలో తన ఓటర్లకు దూరం కావడం అతనికి మంచిది కాదు. 1958 సెప్టెంబరు 18న జరిగిన విచారణలో డిసాపియో స్వయంగా హాజరై పార్కు తరఫున మాట్లాడాడు, సుమారు 30,000 సంతకాల పత్రాన్ని బోర్డుకు అందజేశాడు. ఆ సంతకాలను నెలల తరబడి పార్కులో బల్లలు వేసుకుని సేకరించినవారిలో పిల్లలూ ఉన్నారు.

ఈ విచారణల గురించే జేకబ్స్ తరువాత ఒక సంగతి చెప్పారు. ఈ రోడ్డుకు ఎవరూ వ్యతిరేకం కాదని, కొందరు తల్లులు తప్ప ఎవరూ లేరని మోజెస్ కోపంతో అన్నాడట. తల్లులు అన్న మాటను అతను తేలిక చేయడానికి వాడాడు. రోజూ ఉదయం, సాయంత్రం ఆ పార్కులో గంటలు గడిపేవారు, ఏ మూల కారు ఎంత వేగంతో మలుపు తిరుగుతుందో తెలిసినవారు, బిడ్డ చేయి వదలకుండా ఆ దారి దాటేవారు వారే. పార్కు వినియోగం గురించి నగరంలో వారిని మించిన నిపుణులు లేరని అతనికి తట్టకపోవడమే అతని ఓటమికి ఒక కారణమని నేను చెబుతాను.

బోర్డు ప్రయోగానికి ఒప్పుకుంది. 1958 నవంబరు 1న పార్కులో ఒక వేడుక చేశారు. మామూలుగా ప్రారంభోత్సవాల్లో రిబ్బను కత్తిరిస్తారు, ఇక్కడ దారికి అడ్డంగా రిబ్బను ముడి వేశారు. ఇద్దరు చిన్నారులు ఆ రిబ్బను పట్టుకుని నిలబడ్డారు.

ఆ తరువాతి వారాల్లో జరిగినది ఈ కేసుకు గుండెకాయ. చుట్టుపక్కల వీధులు స్తంభించలేదు. వాహనాలు అక్కడికి మళ్లి గుమిగూడకపోగా, లెక్కల్లో రద్దీ కొద్దిగా తగ్గినట్టు తేలిందని జేకబ్స్ తరువాత రాశారు. దారి ఉన్నందువల్లే ఆ వైపు వచ్చే ప్రయాణాలు కొన్ని ఉంటాయి, దారి పోతే అవి వేరే చోటికి కాదు, లేకుండానే పోతాయి. ఇవాళ రవాణా శాస్త్రంలో ఇది విస్తృతంగా ఒప్పుకున్న విషయం. 1958లో దాన్ని చూపించినది ఒక పేట ప్రజలు అడిగి చేయించుకున్న ప్రయోగం.

మోజెస్ దగ్గర ఇంకో ఎత్తు మిగిలింది. పార్కు దారిని మూయవలసి వస్తే, దానికి బదులుగా చుట్టూ ఉన్న వీధులను వెడల్పు చేయాలన్నాడు. అలా చేస్తే అంచుల నుంచి పార్కు నేలే పోతుంది, చెట్లు పోతాయి, పార్కు నలువైపులా వేగంగా పోయే వాహనాల మధ్య దీవిలా మిగులుతుంది. మధ్యలో గెలిచినదాన్ని అంచుల్లో వసూలు చేసుకునే ఈ పద్ధతిని కూడా నివాసులు ఒప్పుకోలేదు. ప్రయోగంలో వీధులు స్తంభించలేదు గనుక వెడల్పు చేయడానికి ఆధారమూ లేకపోయింది. 1959లో మూసివేత శాశ్వతమైంది. బస్సుల మలుపు మాత్రం ఇంకొన్నేళ్లు ఉండి 1960ల తొలి సగంలో పోయింది. దక్షిణాన రావలసిన ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఆ దశాబ్దం చివరికల్లా రద్దయింది.

ఎవరికి తెరిచి ఉన్నట్టు

కేసును ఇక్కడితో ముగిస్తే అందంగా ఉంటుంది, కానీ సగమే చెప్పినట్టవుతుంది. వాహనాలు పోయిన రెండేళ్లకే అదే పార్కులో రెండో ప్రశ్న లేచింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి నుంచీ ఆదివారాల్లో జానపద గాయకులు గిటార్లు, బాంజోలు పట్టుకుని ఫౌంటెన్ చుట్టూ చేరి పాడేవారు. 1961 వసంతంలో అప్పటి పార్కుల కమిషనర్ న్యూబోల్డ్ మోరిస్ వారికి అనుమతి నిరాకరించాడు. గోలా గుంపులూ ఎక్కువయ్యాయన్న ఫిర్యాదులు చుట్టుపక్కల నివాసుల నుంచి కూడా వచ్చాయి. ఏప్రిల్ 9న, జానపద సంగీత కేంద్రం నడిపే ఇజీ యంగ్ నాయకత్వంలో వందల మంది పార్కుకు వచ్చి పాడారు, పోలీసులతో తోపులాట జరిగింది, కొందరిని అరెస్టు చేశారు. పార్కు దక్షిణపు వీధిలోని జడ్సన్ మెమోరియల్ చర్చి పాస్టరు హోవర్డ్ మూడీ పాడే హక్కు కోసం కమిటీ కూడగట్టడంలో ముందు నిలిచాడు. వ్యవహారం కోర్టుకు వెళ్లింది, ఆ వేసవిలోనే నిషేధం వీగిపోయింది.

పార్కును రోడ్డు నుంచి కాపాడిన పేట, పార్కులోకి వచ్చే పరాయివారి పాటను భరించగలదా అన్నదే ఆ ఏప్రిల్ ప్రశ్న. వాహనాలను వ్యతిరేకించినప్పుడు పార్కు మనందరిదీ అన్న మాట సులువుగా వస్తుంది, ఎందుకంటే కారుకు పాడే గొంతు లేదు, దానికి చర్మపు రంగు లేదు, అది అర్ధరాత్రి దాకా బెంచీ మీద కూర్చోదు. మనుషుల విషయంలో ఆ మాట కష్టమవుతుంది. పరిరక్షణ ఉద్యమాల్లో ఇది తరచుగా కనిపించే బలహీనత, నేను పనిచేసిన చోట్లా చూశాను: స్థలాన్ని కాపాడిన శ్రమ కొన్నాళ్లకు స్థలం మీద యాజమాన్య భావంగా మారుతుంది. 1961లో విలేజ్‌లో ఆ భావాన్ని నిలువరించినవారు ఆ పేటలోనే ఉండడం అదృష్టం.

ఆ తరువాతి చరిత్రను క్లుప్తంగా చెబుతాను. వాహనాలు పోయిన నేలతో పార్కును స్థానిక కమిటీ, భూదృశ్య శిల్పి రాబర్ట్ నికల్స్ కలిసి 1970 ప్రాంతంలో తిరిగి తీర్చిదిద్దారు. ఫౌంటెన్ చుట్టూ దిగువకు దిగిన పెద్ద వేదిక, పిల్లలు ఎక్కి దిగే గుట్టలు వచ్చాయి. 2007 చివరిలో నగరం మరో పెద్ద మరమ్మతు మొదలుపెట్టి, కమానుకు సూటిగా కనిపించాలని ఫౌంటెన్‌ను సుమారు 22 అడుగులు తూర్పుకు జరిపింది. నడుమనున్న వేదికను మార్చడం, చుట్టూ కంచె పెంచడం పార్కులో జనం కలిసే తీరును దెబ్బతీస్తాయని నివాసులు కొందరు కోర్టుకు వెళ్లారు, కోర్టులు పనిని ఆపలేదు. తవ్వకాల్లో 1799 నాటి సమాధి రాయి ఒకటి బయటపడింది. 2012లో నిర్వహణకు తోడ్పడేందుకు వాషింగ్టన్ స్క్వేర్ పార్కు కన్సర్వెన్సీ ఏర్పడింది. 2021 వేసవిలో రాత్రి గోల మీద ఫిర్యాదులు వచ్చి వారాంతాల్లో రాత్రి 10 గంటలకే పార్కు మూసే ఉత్తర్వు వచ్చింది, పోలీసులకూ యువకులకూ ఘర్షణ జరిగాక ముగింపు వేళ మళ్లీ అర్ధరాత్రికి మారింది. అరవై ఏళ్ల తేడాతో అదే ఫౌంటెన్ దగ్గర అదే తగాదా.

వీటిలో 2007 నాటి ఓటమి మా వృత్తివారు విడిగా అధ్యయనం చేయదగినది. అప్పుడు పౌరుల చేతిలో 1958లో ఉన్నంత స్పష్టమైన ఒక్క కోరిక లేదు. ఫౌంటెన్ స్థానం, కంచె ఎత్తు, వేదిక కొలత, చెట్లు అన్నీ విడివిడి అభ్యంతరాలుగా కోర్టు ముందుకు వెళ్లాయి. ఒక్కొక్కటీ న్యాయమైనదే అయినా, వాటన్నిటినీ మోసే ఒక్క వాక్యం కుదరలేదు. పైగా ఎదుటి పక్షం కూడా ఈసారి పార్కును బాగు చేస్తున్నామనే చెబుతోంది, బాగు చేయడాన్ని ఎదిరించడం రోడ్డును ఎదిరించడం కన్నా ఎంతో కష్టం. పాత కొలతలు, పాత అలవాట్లు ఏ పనికి వచ్చాయో ముందుగానే రాసి పెట్టుకుని ఉంటే, ఆ నక్షాల చర్చ మొదటి రోజు నుంచే వేరుగా నడిచేదని నా అంచనా.

ఇక హేస్ గురించి. నగరాల మీద ఆమె పుస్తకం వెలువడిన 1961 తరువాత జేకబ్స్ పేరు ప్రపంచమంతా పాకింది, అది ఆమెకు తగిన కీర్తే. దానితో పాటు ఈ పార్కు పోరాటం కూడా క్రమంగా జేకబ్స్ పేరు మీదికి చేరింది. జేకబ్స్ 1955లో చేతులు కలిపేసరికి హేస్ మూడేళ్లుగా ఆ పని చేస్తున్నారు. వాహనాలు అసలే వద్దన్న కోరిక, ఆ 1.75 ఎకరాల లెక్క, 36 అడుగులకు లొంగని మొండితనం ఆమెవే. ఆమె ఉత్తరాలు, కరపత్రాలు, సంతకాల పత్రాలు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉన్నాయి.